ఎవరి కళ్లతో చెప్పాలి, ఏ కళ్లతో దిద్దాలి

కథ ఎవరి వైపు నుంచి చెప్పాలన్నది మొదట్లో తేల్చుకునే విషయమనీ, ప్రూఫు దిద్దడం చివర్లో అక్షరదోషాలు ఏరుకునే పని అనీ చాలామంది అనుకుంటారు. తెలుగులో కథ రాసేవాళ్లకి ఈ రెండూ ఒకే పని అని నా నమ్మకం. మన భాషలో ఎవరు చూస్తున్నారో, ఎవరు చెబుతున్నారో తెలిసేది చిన్న చిన్న ముక్కల్లోనే. 'వాడు' అన్నామా 'ఆయన' అన్నామా, 'పెట్టింది' అన్నామా 'పెట్టారు' అన్నామా, చివర 'ట' తగిలించామా లేదా, అంతే. ప్రూఫు చూసేవాళ్ల కన్ను ఆగాల్సింది కూడా అక్కడే.

నేను విజయవాడలో పుస్తకాలకి ప్రూఫులు చూస్తాను, కథలు రాస్తాను. మా నాన్న చేతి కంపోజింగు చేసేవాడు. సీసపు అక్షరాలు తిరగబడి ఉంటాయి కాబట్టి పేజీని అద్దంలో చూసినట్టు చదివేవాడు. నా దగ్గరికి వచ్చే రాతప్రతుల్లో కథ బాగుండి కూడా పాఠకుడు పట్టు తప్పే చోట్లు ఉంటాయి. ఎక్కువ భాగం చూపు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి తెలియకుండా జారిపోయిన చోట్లే అవి. అందుకే ఇక్కడ చెప్పేది మొదటి పేజీ రాయడం దగ్గర మొదలై అచ్చుకి వెళ్లే ఫైలు దాకా సాగుతుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. కొవ్వూరులో ఒక పాత పెంకుటిల్లు. సావిత్రమ్మ భర్త పోయి ఏడాదైంది. పెద్దకొడుకు రాఘవ హైదరాబాదు నుంచి భార్య పద్మనీ, కూతురు చిన్నినీ తీసుకొచ్చాడు. ఇల్లు అమ్మే మాట కదపాలని. ఆ మాట ఇంకా ఎవరూ అనకముందే సావిత్రమ్మకి అర్థమైపోయింది. ఇది పద్మ చెబితే ఇలా ఉంటుంది:

"అత్తయ్య బొడ్డులోంచి తాళంచెవుల గుత్తి తీసి నా ముందు పెట్టారు. తీసుకోమని అనలేదు. ఆయన టీవీ వైపు చూస్తున్నారు. నేను కాఫీ గ్లాసు ఎత్తి దాని కింద తడి తుడిచాను."

సావిత్రమ్మ పక్కన నిలబడి, ఆమె మనసుతో చెబితే:

"సావిత్రమ్మ తాళంచెవులు తీసి కోడలి ముందు పెట్టింది. అది కన్నెత్తి చూడలేదు. వాడు టీవీలోంచి తల తిప్పలేదు. ఈ గుత్తి తన చేతికి వచ్చిన రోజున తను ఇంత బిగుసుకుని కూర్చుందా?"

చిన్ని చెబితే:

"నానమ్మ తాళాలన్నీ అమ్మకి ఇచ్చింది. అమ్మ తీసుకోలేదు. నేను తీసుకుంటానన్నాను. అందరూ నా మీద అరిచారు."

ఎవరి మనసులోకీ వెళ్లకుండా చెబితే:

"సావిత్రమ్మ తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టింది. పద్మ ముట్టుకోలేదు. రాఘవ రిమోటు తీసుకుని టీవీ సౌండు పెంచాడు."

నాలుగింటిలోనూ జరిగింది ఒకటే, కథ మాత్రం నాలుగు రకాలు. పద్మ చెప్పిన దాంట్లో మర్యాద ఉంది, ఆ మర్యాద వెనక ఇబ్బంది ఉంది. సావిత్రమ్మ వైపు నుంచి చూస్తే అదే పద్మ 'అది' అయింది, రాఘవ 'వాడు' అయ్యాడు. తల్లికి కొడుకు వాడే కదా. పద్మకి ఆయన. 'సావిత్రమ్మ ఆలోచించింది' అని ఒక్కసారి కూడా రాయకుండానే, చూపు ఎవరిదో తెలిసిపోయింది. ఈ సౌకర్యం మన భాషలో పుట్టుకతో ఉంది. వాడుకోకపోతే నష్టం మనదే.

అందుకే నేను చెప్పే మొదటి పని ఇది. కథ మొత్తం రాయకముందే అందులో గుండెకాయ లాంటి సీను ఒకటి ఎంచుకోండి. దాన్ని ఆ గదిలో ఉన్న ప్రతి మనిషి వైపు నుంచీ అర పేజీ చొప్పున రాయండి. చేత్తో రాస్తే ఇంకా మంచిది, ముందు రాసిన దాన్ని కాపీ చేసి అతికించే వీలుండదు. రాశాక ఏది అందంగా ఉందని చూడకండి. ఏది రాస్తున్నప్పుడు మీకు ముందు తెలియని సంగతి ఒకటి బయటికి వచ్చిందో చూడండి. పై ముక్కల్లో నాకు చిన్ని దగ్గర అలా వచ్చింది. పెద్దవాళ్లెవరూ ముట్టుకోని తాళాల్ని పిల్ల చెయ్యిచాచి అడిగింది. ఇల్లు అమ్మకూడదని బలంగా అనుకునే మనిషి ఆ ఇంట్లో ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. వీళ్లలో దాచిపెట్టే విషయం ఎవరి దగ్గర ఉంది? రాఘవ ఇప్పటికే బేరం కుదుర్చుకుని అడ్వాన్సు తీసుకున్నాడనుకోండి. కథ రాఘవ చెబితే ఆ సంగతి మొదటి పేజీలోనే చెప్పాలి. లేకపోతే పాఠకుడిని మోసం చేసినట్టవుతుంది. తన జేబులో ఉన్న అడ్వాన్సు గురించి తనే పన్నెండు పేజీల పాటు తలుచుకోకుండా ఉండే మనిషి ఉండడు. ఆ సంగతి చివర్లో బయటపడాలంటే అది తెలియని మనిషి వైపు నుంచి చెప్పండి. పద్మకి సగం తెలుసు, సగం తెలియదు. నేనైతే ఆ కథకి పద్మనే పట్టుకుంటాను.

'నేను' అని మొదలుపెట్టే ముందు

కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా ఉత్తమ పురుషలోకి వెళతారు. కలం సులువుగా సాగుతుంది కాబట్టి. ఆ సులువులో కొన్ని చిక్కులున్నాయి.

మొదటిది, 'వచ్చాను' అన్న క్రియలో ఆడా మగా తెలియదు. 'వచ్చాడు', 'వచ్చింది' అన్నప్పుడు తెలిసినట్టు 'నేను' దగ్గర తెలియదు. పాఠకుడు కథ పైన ఉన్న రచయిత పేరు చూసి, ఆ 'నేను' మీరే అనుకుంటాడు. మీరు ఆడవాళ్లై మగవాడి కథ చెబుతుంటే, రెండో పేజీలో 'షేవింగు చేసుకుని' అని వచ్చేసరికి అతను ఆగి వెనక్కి వెళ్లి చదవాలి. అందుకని మొదటి పేరాలోనే ఎవరో ఒకరి చేత ఆ మనిషిని పిలిపించండి. 'ఒరేయ్', 'ఏమే', 'వదినా', 'బావగారూ', ఏదో ఒకటి. ఒక్క పిలుపుతో ఆడో మగో, వయసెంతో, ఆ ఇంట్లో స్థానమేమిటో అన్నీ తెలిసిపోతాయి. ఆ పిలుపు ఆ ప్రాంతపుదే అయ్యుండాలి. కోస్తాలో కోడలు 'అత్తయ్యా' అన్నచోట తెలంగాణలో 'అత్తమ్మా' అని పిలవడం మామూలు.

రెండోది యాస. 'నేను' చెప్పే కథలో కథనమంతా ఆ మనిషి నోటి మాటే. కరీంనగర్ పల్లెలో పుట్టి పెరిగి అక్కడే ఉన్న మనిషి సంభాషణల్లో 'నేను పోయిన, వాడు వచ్చిండు' అని మాట్లాడి, కథనంలో మాత్రం 'నేను వెళ్లాను, అతడు వచ్చాడు' అంటే అక్కడ ఇద్దరు మనుషులున్నట్టు ఉంటుంది. అతను చదువుకుని పట్నంలో ఉద్యోగం చేస్తూ వెనక్కి తలుచుకుంటున్నాడంటే సరే, ఆ సంగతి కథలో కనబడాలి. 'అతను', 'ఆమె' అంటూ చెప్పే ప్రథమ పురుషలో ఈ ఇబ్బంది తక్కువ. కథనం ఒక భాషలో, మాటలు ఇంకో భాషలో ఉన్నా పాఠకుడికి అలవాటే. మీ యాసలోనే మొత్తం రాయాలనుకుంటే నిస్సంకోచంగా రాయండి. కాకపోతే మధ్యలో మారకండి.

మూడోది వయసు. చిన్ని ఏడేళ్ల పిల్ల. 'నానమ్మ ముఖంలో నిర్లిప్తత కనిపించింది' అని ఆ పిల్ల అనదు. 'నానమ్మ టీవీ చూస్తోంది కానీ చూడట్లేదు' అనగలదు. రెండో వాక్యమే బాగుంది కూడా.

నాలుగోది, తను లేని చోట జరిగింది. పద్మ వంటింట్లో ఉంది. తల్లీకొడుకులు వరండాలో మాట్లాడుకున్నారు. ఆ మాటలు పద్మ కథలోకి ఎలా వస్తాయి? కిటికీలోంచి వినాలి, లేకపోతే తర్వాత ఎవరైనా చెప్పాలి. చెప్పింది విన్నదైతే మనకి 'ట' ఉంది. 'అప్పుడు అత్తయ్య ఏడ్చారట. ఆయన లేచి వెళ్లిపోయారట.' ఈ 'ట'లో నమ్మకం కొంచెం తక్కువగా ఉంటుంది, అది కథకి మంచిదే. ఎవరు చెప్పారో, తన తప్పు తగ్గించుకుని చెప్పారేమో అన్న అనుమానం పాఠకుడికి కలుగుతుంది. ప్రతి వాక్యం చివరా 'ట' పెడితే మాత్రం విసుగొస్తుంది. మొదటి రెండు వాక్యాల్లో పెట్టి, తర్వాత మామూలుగా చెప్పి, చివరి వాక్యంలో మళ్లీ ఒకసారి గుర్తుచేస్తే చాలు.

'మేము' అని ఊరంతా కలిసి చెప్పే కథలు నాకు చాలా ఇష్టం. ఇక్కడ కూడా మనకి రెండు దారులున్నాయి. 'మేమందరం ఆ ఇంటి ముందు గుమిగూడాం' అంటే పాఠకుడు బయటివాడు. 'మనం ఇలాంటివి ఎన్ని చూళ్లేదు' అంటే పాఠకుడిని కూడా ఆ గుంపులోకి లాగినట్టు. ఊరు చేసిన పాపంలో పాఠకుడికీ వాటా ఉండాలనుకుంటే ఒకచోట 'మేము'లోంచి 'మనం'లోకి మారండి. అది తెలిసి చేయాలి, ఒకే ఒకచోట చేయాలి. 'నువ్వు' అంటూ నడిపే మధ్యమ పురుష కథనం గురించి నేను పెద్దగా చెప్పను. రెండు మూడు పేజీల కథకి సరిపోతుంది, అంతకు మించితే మోయడం కష్టం.

ప్రథమ పురుషలో జారిపోయే చోట్లు

'ఆమె', 'అతను' అని రాస్తూనే ఒకరి మనసు వెంట నడవడం మన కథల్లో ఎక్కువగా కనబడే పద్ధతి. మంచి పద్ధతే, కాకపోతే ఎక్కువ జారేదీ ఇక్కడే. దీన్ని పట్టుకోవడానికి పెన్సిలుతో చేసే పని ఒకటుంది. ప్రింటు తీసుకుని 'అనుకుంది', 'అనిపించింది', 'గుర్తొచ్చింది', 'భయమేసింది', 'తెలుసు', 'అర్థమైంది' లాంటి మాటల కిందల్లా గీత గీయండి. పక్కన మార్జిన్లో అది ఎవరి మనసో పేరు రాయండి. ఒక సీనంతా ఒకే పేరు వస్తే సరే. 'పద్మ, పద్మ, పద్మ, రాఘవ, పద్మ' అని వచ్చిందా, ఆ రాఘవ దగ్గర ఆగండి.

ఆ ఒక్క వాక్యాన్ని బయటినుంచి కనబడేలా మారిస్తే చాలాసార్లు సరిపోతుంది. 'రాఘవకి సిగ్గేసింది' అన్నది లోపలి సంగతి, రాఘవకే తెలుసు. 'రాఘవ మెడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు' అన్నది పద్మ కళ్లకి కనబడుతుంది. అది సిగ్గని పద్మ అనుకోవచ్చు, పొరబడనూ వచ్చు. తెలుగులో గుర్తుపట్టడం సులువే. 'కి' చేరిన మనిషికి ఏదైనా వచ్చినా, కలిగినా, వేసినా, గుర్తొచ్చినా ఆ మనిషి లోపలికి వెళ్లినట్టే. పద్మకి కోపం వచ్చింది, సావిత్రమ్మకి జాలి కలిగింది, ఇలాంటివి ఒకే పేరాలో పక్కపక్కన ఉంటే చూపు గెంతినట్టు.

'పాపం' అన్న మాట విషయంలో ఇంకా జాగ్రత్త. 'పాపం, సావిత్రమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.' ఇక్కడ జాలిపడింది ఎవరు? పద్మ అయితే సరే. పద్మ ఆ సీనులో అత్తగారి మీద మండిపడుతోందంటే, ఆ 'పాపం' రచయితది. రచయిత గదిలోకి వచ్చి నిలబడినట్టు అవుతుంది. 'ఎందుకో', 'నిజానికి', 'అమాయకంగా', 'దుర్మార్గంగా' కూడా అలాంటివే. ఎవరి తీర్పో చెప్పలేని తీర్పు మాట కనబడితే కొట్టేయండి.

ఇక 'తను'. మన భాషలో ఇది చాలా పనికొచ్చే మాట, చాలా గందరగోళం చేసే మాట కూడా. 'తను' అంటే మామూలుగా ఆ వాక్యంలో ఎవరి మనసు నడుస్తోందో ఆ మనిషి. 'తను వస్తానన్నాడు' అంటే వచ్చేదీ అన్నదీ ఒకడే. 'అతను వస్తాడన్నాడు' అంటే వచ్చేవాడు వేరు, అన్నవాడు వేరు. చిన్న 'ను', 'డు' తేడా, కానీ కథలో మనిషే మారిపోతాడు. ఇలాంటిది స్పెల్‌చెక్ ఎప్పటికీ పట్టుకోదు, రెండూ సరైన మాటలే కాబట్టి. మాట్లాడేటప్పుడు మనం 'తను' అని ఎవరినైనా అనేస్తాం, 'తను చాలా మంచిది' అని పక్కింటమ్మాయి గురించి కూడా. కథలో కొందరు అదే అలవాటుతో పద్మనీ సావిత్రమ్మనీ ఇద్దర్నీ 'తను' అంటూ పోతారు. నా పద్ధతి ఏమిటంటే, ఒక సీనులో 'తను' ఒక్కరికే. ఆ సీను ఎవరిదో వాళ్లకే. మిగతావాళ్లకి పేరో వరసో.

మర్యాద క్రియలదీ ఇదే సంగతి. పద్మ చెప్పే కథలో అత్తగారు ఒకచోట 'పెట్టారు', ఇంకోచోట 'పెట్టింది' అని ఉంటే, ఆ రెండో చోట పద్మకి కోపం వచ్చిందని పాఠకుడు అనుకుంటాడు. మీరు కూడా అదే అనుకుని రాస్తే బ్రహ్మాండం. కథ మధ్యలో ఒక్క 'రు' తీసేయడంతో కోడలి మనసు తిరిగిపోయిందని చూపించవచ్చు. అలా అనుకోకుండా పడితే మాత్రం అది అచ్చుతప్పు కంటే పెద్ద తప్పు, లేని గొడవని కథలో పెడుతుంది.

చూపు మార్చాలనిపిస్తే

సగం రాశాక 'నేను' బదులు 'ఆమె' ఉంటే బాగుండేదనిపించడం మామూలే. దయచేసి ఫైండ్ అండ్ రీప్లేస్ వాడకండి. 'నా'ని 'ఆమె'గా మార్చమని కంప్యూటరుకి చెబితే 'నాన్న' కాస్తా 'ఆమెన్న' అవుతాడు, 'నాలుగు' 'ఆమెలుగు' అవుతుంది. పైగా 'ఉన్నాను' 'ఉంది' కావాలి, 'వెళ్లలేకపోయాను' 'వెళ్లలేకపోయింది' కావాలి, 'ఆయన' కొన్నిచోట్ల 'రాఘవ' కావాలి. వరసలన్నీ మారాలి. పాత ప్రతి పక్కన పెట్టుకుని మొదటి నుంచీ తిరిగి టైపు చేయడమే మంచిది. ఆలస్యమే, కానీ అలా చేస్తున్నప్పుడు 'నేను' చెప్పినప్పుడు తప్ప పనికిరాని వాక్యాలు వాటంతట అవే రాలిపోతాయి. పేరు మార్చేటప్పుడు కూడా ఒక్కొక్కటీ చూసి మార్చండి. పేరు వెనక 'డికి', 'మ్మతో', 'గారిని' లాంటివి అతుక్కుని ఉంటాయి.

తిరగరాయడం వేరు, ప్రూఫు దిద్దడం వేరు అని గుర్తుంచుకోవాలి. గురజాడ కన్యాశుల్కం 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండో కూర్పు ఎంతో పెరిగి దాదాపు కొత్త నాటకమైంది. అలా తిరగరాసే పని మిగిలి ఉండగా వొత్తులు దిద్దుతూ కూర్చోవడం వృథా. రేపు కొట్టేయబోయే పేరాలో 'బాధ' సరిగ్గా ఉందా లేదా అని టెన్షన్ పడి లాభం లేదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో మొదలుపెట్టిన కథానిలయంలో పాత పత్రికలూ కథా సంపుటాలూ ఉన్నాయి. ఒకే కథ పత్రికలో మొదట ఎలా వచ్చిందో, తర్వాత సంపుటిలో ఎలా వచ్చిందో పక్కపక్కన పెట్టి చదవండి. ఎక్కడెక్కడ మార్పు కనబడిందో గుర్తు పెట్టుకుంటూ చదివితే, రచయిత రెండోసారి చూసినప్పుడు దేనికోసం చూశాడో తెలుస్తుంది.

ప్రూఫు

ఒకే చదువులో అన్ని తప్పులూ పట్టుకోవడం ఎవరివల్లా కాదు. కథలో లీనమైతే అక్షరం కనబడదు, అక్షరం చూస్తుంటే కథ కనబడదు. అందుకని ఒక్కో చదువుకి ఒక్కో పని పెట్టుకోండి. చూపు కోసం చదవడం ఎలాగో పైన చెప్పాను.

తర్వాత కాలం, స్థలం. ఇక్కడ జరిగే తప్పులు చదివేవాళ్లకి చాలా బాధ కలిగిస్తాయి, ముఖ్యంగా ఆ ఊరివాళ్లకి. దీపావళి రాత్రి వెన్నెల్లో డాబా మీద కూర్చోబెట్టకండి, అది అమావాస్య. వినాయక చవితి నాడు అర్ధరాత్రి చంద్రుడు ఉండడు, సన్నటి చంద్రవంక సూర్యుడు అస్తమించిన రెండు మూడు గంటలకే అస్తమిస్తుంది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రోడ్డు కం రైలు వంతెన వచ్చింది 1974లో. మన సావిత్రమ్మ 1960లో పెళ్లై కొవ్వూరు వచ్చిందంటే రాజమండ్రి నుంచి ఆ వంతెన మీద బస్సులో రాలేదు. రైల్లోనో, లాంచీలోనో రావాలి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది 2014 జూన్ 2న, అంతకు ముందు జరిగే కథలో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్ రాజధానే. తెలంగాణలో కొత్త జిల్లాలు 2016 అక్టోబరులో వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో. 1995లో జరిగే కథలో 'జనగామ జిల్లా' అని ఉంటే ఆ ఊరి పాఠకుడు అక్కడే పుస్తకం మూస్తాడు. పాత వెయ్యి నోటు 2016 నవంబరు 8 రాత్రితో చెల్లకుండా పోయింది. రాఘవ తీసుకున్న అడ్వాన్సు ఏ నోట్లలో ఉందో కథ జరిగిన ఏడాదిని బట్టి చూడాలి.

దీనికి ఒక కాగితం పక్కన పెట్టుకుంటే చాలు. మనుషుల పేర్లు, వయసులు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, ఏ సీను ఏ రోజు, ఎన్ని గంటలకి. చిన్ని మొదటి పేజీలో ఏడేళ్లదై, తొమ్మిదో పేజీలో 'ఐదో తరగతి పరీక్షలు' రాస్తుంటే ఈ కాగితం పట్టిస్తుంది.

అదే కాగితం వెనక మీ రాత పద్ధతి రాసుకోండి. 'వాళ్లు'నా 'వాళ్ళు'నా, 'పెళ్లి'నా 'పెళ్ళి'నా, 'అయినా'నా 'ఐనా'నా, 'మావయ్య'నా 'మామయ్య'నా.  వీటిలో రెండూ వాడుకలో ఉన్నవే. ఏదైనా పరవాలేదు, ఒకటే ఉండాలి. 'స్వాతంత్ర్యం', 'స్వాతంత్య్రం' రెండూ అచ్చులో కనబడతాయి, వీటిలోనూ ఒకదాన్ని పట్టుకోండి. పాత్రలు మాట్లాడే మాటలకి ఈ నియమం అక్కర్లేదు. సావిత్రమ్మ 'మావయ్య' అనొచ్చు, పద్మ 'మామయ్య' అనొచ్చు. అది వాళ్ల వాళ్ల పుట్టింటి మాట.

అక్షరాల చదువు వచ్చేసరికి, నేను ముందు చూసేది వొత్తులు. 'అర్థం' తెలిసేది, 'అర్ధం' సగం. కథ, ప్రార్థన, విద్యార్థి, ప్రథమ, వీటిలో 'థ' ఉండాలి. 'బాధ'ని 'భాద' అనీ, 'సందర్భం'ని 'సంధర్భం' అనీ, 'దీర్ఘం'ని 'ధీర్ఘం' అనీ రాయడం చాలా చూస్తాను. 'ఆస్తి'ని 'ఆస్థి' అని రాసేస్తారు. ఇల్లు అమ్మే కథలో ఈ మాట ఎన్నిసార్లు వస్తుందో ఆలోచించండి. శ, ష, సలు: శాశ్వతం, నిశ్శబ్దం, విషయం, శ్మశానం. 'సాంప్రదాయం' కాదు, సంప్రదాయం. అనుమానం వస్తే శబ్దరత్నాకరం నిఘంటువు తెరవండి, లేదా ఆంధ్రభారతి వెబ్‌సైటులో వెతకండి. అక్కడ చాలా నిఘంటువులు ఒకేచోట ఉంటాయి. మీకు మీరు ఎప్పుడూ తప్పు రాసే మాటలు కొన్ని ఉంటాయి. అవి రాసిపెట్టుకుని ఫైల్లో ఒక్కొక్కటీ వెతికితే సగం పని అయిపోతుంది.

మాటల మధ్య ఖాళీ కూడా అర్థాన్ని మారుస్తుంది.  'అమ్మ లేదు' అంటే తల్లి లేదు, 'అమ్మలేదు' అంటే ఇల్లు అమ్మలేదు. మన కథకి ఈ ఒక్క ఖాళీ చాలు, మొత్తం తలకిందులవడానికి. ఇంగ్లీషు మాటల దగ్గర 'సాఫ్ట్‌వేర్' లాంటివి 'సాఫ్ట్వేర్'గా అతుక్కుపోకుండా చూడండి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే లేఖినిలో కొట్టినా, ఫోను కీబోర్డులో కొట్టినా పొల్లు పక్కన విడగొట్టే పద్ధతి ఉంటుంది, అది నేర్చుకోండి. ఫోనులో రాసేవాళ్లు ఇంకోటి గమనించాలి. కీబోర్డు తనకి తెలిసిన మాటని ముందుకు తోస్తుంది. యాసలో కొట్టిన 'వచ్చిండు' పక్కన 'వచ్చాడు' చూపిస్తే వేలు దానిమీద పడుతుంది, యాస కొట్టుకుపోతుంది.

కళ్లు అలిసిపోయాక చెవులు వాడండి. ప్రెస్సుల్లో కాపీ హోల్డరని ఒక మనిషి ఉండేవాడు. అతను రాతప్రతిని కామా, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతుంటే ప్రూఫురీడరు అచ్చు ప్రతి చూసుకుంటూ దిద్దేవాడు. ఇంట్లో ఎవరినైనా అలా కూర్చోబెట్టుకోండి. మా ఇంట్లో మా అత్తయ్య చదువుతారు. ఆవిడ తడబడిన చోటల్లా నేను ఒక చుక్క పెడతాను, ఎందుకు తడబడ్డారని అడగను. తర్వాత చూస్తే అక్కడ మాట పడిపోయి ఉంటుంది, లేకపోతే ఎవరు మాట్లాడుతున్నారో తెలియక ఆగి ఉంటారు. మనిషి దొరక్కపోతే ఆండ్రాయిడ్ ఫోనే తెలుగు చదివి వినిపిస్తుంది. దానికి రాగం ఉండదు, అదే మేలు. రాగం లేకుండా విన్నప్పుడు ఒకే మాట మూడు వాక్యాల్లో మూడుసార్లు రావడం టక్కున దొరుకుతుంది.

పుస్తకం వేయించేవాళ్లకి ఇంకో గండం ఉంది. డీటీపీ, అంటే కంప్యూటరులో పేజీలు కట్టే పని చేసేచోట చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లనే పాత రకం తెలుగు ఫాంట్లు వాడతారు. మీరు పంపేది యూనికోడ్, అంటే ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనబడే తెలుగు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చేటప్పుడు కొన్ని అక్షరాలు విరుగుతాయి. 'లక్ష్మి', 'రాష్ట్రం', 'స్వాతంత్ర్యం' లాంటి మూడు హల్లులు కలిసిన చోట్లు, పొల్లులు, కొటేషన్ గుర్తులు ముందు చూడండి. మీ ఫైల్లో తప్పు లేదు కాబట్టి అచ్చులోనూ లేదని అనుకోకండి. పేజీ ప్రూఫుని మొదటి అక్షరం నుంచీ కొత్తగా చదవాలి. దిద్దినవి ఎర్ర ఇంకుతో మార్జిన్లో రాసి ఇవ్వండి, ఫోనులో చెప్పకండి. తిరిగి వచ్చాక దిద్దమన్న చోటే కాదు, ఆ పేరా చివరిదాకా చూడండి. ఒక లైను మారితే కింద లైన్లు జరుగుతాయి, పేజీ చివర ఒక ముక్క మాయం కావచ్చు. సీను మారినచోట మీరు పెట్టిన చుక్కలు పేజీ అడుగునో నెత్తినో పడితే కనబడకుండా పోతాయి. అక్కడ చూపు పద్మ నుంచి సావిత్రమ్మకి మారిందంటే పాఠకుడికి ఆ సంగతి తెలిసే దారి లేదు. డీటీపీ వాళ్లకి చెప్పి ఒక లైను అటో ఇటో జరిపించండి.

పుస్తకం మామూలుగా పదహారు పేజీల ఫారాల లెక్కన, అంటే ఒక పెద్ద కాగితానికి పదహారు పేజీల చొప్పున, అచ్చవుతుంది. ఫారం అచ్చయ్యాక తప్పు దొరికితే తప్పొప్పుల పట్టికలో వేసుకోవడమే. కాబట్టి ఆఖరి పీడీఎఫ్‌లో కథ పేరు, మీ పేరు, విషయసూచికలో పేజీ అంకెలు విడిగా ఒకసారి చూసుకోండి. లోపల అన్నీ దిద్ది అట్ట మీద పేరు చూడనివాళ్లు ఉంటారు. ఫైలు పేరులో తేదీ పెట్టి, పాత ఫైళ్లన్నీ వేరే ఫోల్డరులోకి మార్చి, అప్పుడు పంపండి.